ఆత్మీయులు పోయాక రోజులు నెట్టుకురావడం ఎలా

మీరు ఇది చదువుతున్నారంటే మీకు బాగా దగ్గరివాళ్లు ఎవరో పోయి ఉండాలి. అందుకే ఉపోద్ఘాతం పెద్దగా పెట్టను. మొత్తం ఒకేసారి చదవాల్సిన పని కూడా లేదు. ఈ వారంలోనే జరిగి ఉంటే మొదటి రెండు మూడు భాగాలు చాలు. నెలలు గడిచి ఉంటే ‘అలా చేసి ఉంటే’ అన్న భాగానికీ, వస్తువుల భాగానికీ నేరుగా వెళ్లండి. మీకే బతకాలని లేకపోతే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టి చివరి భాగం ముందు చదవండి.

పనుల్లోకి వెళ్లేముందు ఒక అపోహ తీసెయ్యాలి. దుఃఖానికి ఐదు దశలుంటాయని మీరెక్కడో వినే ఉంటారు: నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు వీటిని వివరించింది, చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి. అవి ఆ రోగుల మనసులో జరిగేవాటి గురించి చెప్పిన మాటలు. తర్వాత్తర్వాత వాటినే అయినవాళ్లను పోగొట్టుకున్న అందరికీ వర్తింపజేశారు. ఇప్పుడు చాలామంది ‘నాకు కోపం రాలేదే, నేను సరిగ్గా ఏడవడం లేదేమో’ అని కొత్త టెన్షన్ పెట్టుకుంటున్నారు. దశలు వరసగా రావు. కొన్ని అసలు రావు. పొద్దున ఒప్పుకున్నదాన్ని సాయంత్రానికి నమ్మలేకపోవచ్చు. మీది ఎన్నో దశ అని లెక్కపెట్టుకోకండి.

మొదటి రోజుల్లో చేయాల్సినవి

కబురు విన్న కొన్ని గంటలు చాలామందికి ఏడుపే రాదు. మనసు మొద్దుబారిపోతుంది. చుట్టూ జరిగేది ఎవరికో జరుగుతున్నట్టు ఉంటుంది. ‘కళ్లలో ఒక్క నీటిచుక్క లేదు చూడు’ అని ఎవరైనా అంటే అననివ్వండి. ఏడుపుకీ ప్రేమకీ అలాంటి లెక్కేమీ లేదు.

ముందుగా ఒక మనిషిని పట్టుకోండి. ఫోన్లు ఎత్తడానికి, వచ్చినవాళ్లకు సమాధానం చెప్పడానికి, సంతకాలు ఎక్కడెక్కడ పెట్టాలో చూడటానికి ఒకరు కావాలి. ఆ మనిషి ఇంట్లో వాళ్లు కాకపోతేనే మేలు. ఇంట్లో వాళ్లూ మీ స్థితిలోనే ఉంటారు కదా. కొంచెం దూరపు బంధువో, ఆఫీసు స్నేహితుడో, పక్కింటివాళ్లో అయితే పని సాగుతుంది. ‘ఏమైనా సాయం కావాలా’ అని అడిగినవాళ్లలో నెమ్మదిగా మాట్లాడే మనిషిని ఎంచుకుని, ‘ఈ మూడు రోజులు నా ఫోను నీ దగ్గర పెట్టుకో’ అని చెప్పెయ్యండి.

ఆఖరిసారి చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. ప్రమాదంలో పోయినప్పుడు ఈ ప్రశ్న మరీ కష్టంగా ఉంటుంది. అలాంటప్పుడు ముందు ఇంకొకరిని వెళ్లి చూసి రమ్మనండి. ఏం కనిపిస్తుందో, ముఖం ఎలా ఉందో, ఏ భాగం కప్పి ఉంచారో వాళ్లను చెప్పమనండి. అది విన్నాక మీరు తేల్చుకోండి. చెయ్యి మాత్రం పట్టుకుని వచ్చెయ్యాలనిపిస్తే అలాగే చెయ్యండి. ‘నువ్వు తట్టుకోలేవు’ అని ఎవరో మీ తరఫున నిర్ణయం తీసుకోవడం మాత్రం ఒప్పుకోకండి. చూడనివ్వలేదన్న బాధ చాలా ఏళ్లు ఉండిపోతుంది.

ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. ఎవరు ఏం చెప్పారో, ఏ కాగితం ఎవరికిచ్చారో అందులో రాయండి. దుఃఖంలో జ్ఞాపకశక్తి నిజంగానే దెబ్బతింటుంది. ఇప్పుడే పెట్టిన తాళంచెవి కనిపించదు, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతారు. అది పిచ్చి పట్టడం కాదు, కొన్ని వారాల్లో తగ్గుతుంది. అప్పటిదాకా వీలైతే బండి మీరు నడపకండి. మరణ ధ్రువపత్రం నకళ్లు నాలుగైదు ఎక్కువే తీసుకోండి. బ్యాంకు, బీమా, పెన్షన్ అందరూ ఒక్కోటి అడుగుతారు.

ఇంకొక్కటి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. బాగా దగ్గరివాళ్లు పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలుకన్నా సుమారు 21 రెట్లు పెరుగుతుందని 2012లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో తేలింది. మొదటి వారంలో అది తగ్గుతూ వస్తుంది. ఆరోగ్యవంతులకు ఆ అవకాశం మొదట్లోనే చాలా తక్కువ కాబట్టి అందరూ భయపడాల్సిన పని లేదు. ఇంట్లో గుండెజబ్బు, బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లుంటే మాత్రం వాళ్ల మాత్రలు వేళకు ఇచ్చే బాధ్యత ఎవరికైనా అప్పగించండి, ఎందుకంటే ఆ గందరగోళంలో ముందు మర్చిపోయేది అదే. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే ‘ఏడ్చి ఏడ్చి వచ్చిందిలే’ అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తట్టుకోలేని దుఃఖంలో గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బు కూడా ఒకటుంది. జపాన్ వైద్యులు దీన్ని 1990లో వర్ణించారు. నెలసరి ఆగిపోయిన వయసు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. సకాలంలో చూపిస్తే చాలామందికి కొన్ని వారాల్లో నయమవుతుంది. అది మామూలు గుండెపోటో, ఇదో పరీక్షలు చేస్తేగానీ తెలియదు.

తిండి, నిద్ర

ఆకలి వెయ్యదు. అయినా వేళకు కొంచెం నోట్లో పెట్టుకోండి, నీళ్లు తాగండి. పూర్తి భోజనం చెయ్యాలన్న పట్టింపు వద్దు.

నిద్ర అంత సులువు కాదు. రాత్రి పడుకోగానే ఆఖరి రోజులన్నీ కళ్లముందు తిరుగుతాయి. పట్టలేదంటే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోండి, కాసేపు ఇంట్లోనే నడవండి, మళ్లీ పడుకోండి. ఎంత ఆలస్యంగా నిద్రపట్టినా పొద్దున లేచే వేళ ఒకటే పెట్టుకోండి. మద్యం తాగితే నిద్రపడుతుంది గానీ తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది, మర్నాడు దిగులు ఇంకా పెరుగుతుంది. నిద్రమాత్రలు ఇంకొకరివి తీసుకుని వేసుకోకండి. డాక్టరు ఇస్తే ఎన్ని రోజులకో అడిగి, అన్నాళ్లే వాడండి.

పలకరించడానికి వచ్చేవాళ్లతో

వచ్చిన ప్రతివాళ్లూ ‘ఎలా జరిగింది?’ అని అడుగుతారు. ఆ కథ మొదట్నుంచి చివరిదాకా పదేపదే చెప్పడం కొందరికి ఊరటనిస్తుంది. ఇంకొందరికి ప్రతిసారీ పుండు మీద కారం. మీరు రెండో రకమైతే రెండు వాక్యాలు ముందే అనుకుని పెట్టుకోండి. ‘గుండె ఆగిపోయింది. అంతకుమించి ఇప్పుడు మాట్లాడలేను.’ అంతే. మర్యాద తక్కువవుతుందని భయపడకండి.

ఓదార్పు మాటల్లో కొన్ని ముల్లులా గుచ్చుకుంటాయి. ‘పెద్దవయసే కదా.’ ‘ఇంకో బిడ్డ ఉన్నాడుగా.’ ‘బాధపడకుండా పోయారు, అదృష్టవంతులు.’ ‘నువ్వే ధైర్యంగా ఉండాలి.’ వీటికి సమాధానం చెప్పాల్సిన పని లేదు. తల ఊపి లోపలికి వెళ్లిపోవచ్చు. అన్నవాళ్లలో ఎక్కువమంది ఏం మాట్లాడాలో తోచక అన్నవాళ్లే. నా మట్టుకు నాకు వీటన్నిటిలోకి చెడ్డది ‘ధైర్యంగా ఉండాలి’ అన్నదే అనిపిస్తుంది. అది విన్న మనిషి ఏడవడానికి బాత్‌రూమ్ వెతుక్కోవాల్సి వస్తుంది.

సాయం చేస్తామన్నవాళ్లకు పేరుపెట్టి పని చెప్పండి: పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం, కరెంటు బిల్లు కట్టడం, ఫలానా ఆఫీసుకు మీతో రావడం. ‘ఏం అక్కర్లేదు’ అంటే వాళ్లు నమ్మేసి వెళ్లిపోతారు. కొందరు దగ్గరి స్నేహితులు మాత్రం అసలు కనిపించకుండా పోతారు. అది మనసును బాగా కోస్తుంది. చావు ఇంట్లోకి రావడానికి భయపడేవాళ్లు ఉంటారు. వాళ్లతో స్నేహం తెంచుకోవాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోకండి.

మీరు పోగొట్టుకున్న మనిషి కాకుండా, పలకరించడానికి వెళ్లే మనిషి అయితే మీకో మాట. పోయినవాళ్ల పేరు పలకండి. వాళ్లతో మీకున్న ఒక చిన్న జ్ఞాపకం చెప్పండి, ఇంట్లోవాళ్లకు తెలియనిదైతే మరీ మంచిది. మొదటి వారం వెళ్లడంకన్నా రెండో నెలలో ఒక ఫోను చెయ్యడం ఎక్కువ పనికొస్తుంది, అప్పటికి ఇల్లు ఖాళీ అయిపోయి ఉంటుంది.

పెద్ద నిర్ణయాలు ఆపండి

ఇల్లు అమ్మడం, ఊరు మారడం, ఉద్యోగం మానెయ్యడం, మళ్లీ పెళ్లి, వచ్చిన బీమా డబ్బు ఎవరికో అప్పివ్వడం లేదా ఎందులోనో పెట్టడం. వీలున్నంతవరకు ఏడాదిపాటు ఇవేవీ చెయ్యకండి. ఏడాది ఆగలేని పరిస్థితి ఉంటే, మీ డబ్బుతో లాభం లేని ఒక మనిషిని కూర్చోబెట్టి మాట్లాడాకే చెయ్యండి. ‘ఈ వారంలోపే సంతకం కావాలి’ అని తొందరపెట్టేవాళ్లను అనుమానించండి. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టకండి.

ఏడవడానికి కొంత సమయం, దుఃఖానికి కొంత సెలవు

ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి.

మనకు రెండు రకాల సలహాలు వస్తుంటాయి. ఒకరు ‘బాగా ఏడ్చెయ్, గుండె బరువు దిగుతుంది’ అంటారు. ఇంకొకరు ‘పనిలో పడిపో, మనసు మళ్లించుకో’ అంటారు. నెదర్లాండ్స్‌లో దుఃఖం మీద పనిచేసిన పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పినదేమిటంటే, మనుషులు ఈ రెండింటి మధ్యా అటూ ఇటూ తిరుగుతూ ఉంటారు, ఆ తిరగడంలోనే కోలుకుంటారు. కాసేపు పోయినవాళ్లను తలుచుకుని కుమిలిపోవడం, కాసేపు బిల్లులు కట్టుకోవడం, పోయిన మనిషి చేసే పని తాము నేర్చుకోవడం, దేనికో నవ్వడం, మళ్లీ గొంతు పూడుకుపోవడం. ఎప్పుడూ ఏడుస్తూనే ఉన్నా కష్టమే, ఎప్పుడూ తప్పించుకుంటూ ఉన్నా కష్టమే.

దీన్ని రోజువారీగా ఇలా చెయ్యవచ్చు. రోజులో ఒక అరగంట పెట్టుకోండి. ఫొటోలు చూడండి, వాళ్లతో పైకే మాట్లాడండి, ఉత్తరం రాయండి, లేదా ఊరికే కూర్చోండి. ఏడుపు వస్తే రానివ్వండి. పడుకునేముందు మాత్రం ఇది పెట్టుకోకండి, నిద్ర చెడుతుంది. ఆ అరగంట అయ్యాక వెంటనే చెయ్యాల్సిన పని ఒకటి ముందే అనుకోండి: బట్టలు మడతపెట్టడం, ఒకరికి ఫోను చెయ్యడం, బయట నడిచి రావడం. మనసు అక్కడ్నుంచి లేచి రావడానికి అది ఒక ఆసరా.

అలాగే సెలవు కూడా కావాలని తీసుకోండి. ఒక సినిమా చూడండి. స్నేహితులతో కూర్చుని వేరే ఏదైనా మాట్లాడండి. అప్పుడు నవ్వు వస్తుంది, వచ్చిన వెంటనే ‘ఇంతలోనే నవ్వుతున్నానా’ అని సిగ్గేస్తుంది. ఆ సిగ్గు దాదాపు అందరికీ వచ్చేదే. ఇంట్లో మిగతావాళ్లు నవ్వితే మీరూ వాళ్లను అలా చూడకండి.

రెండింటిలో మీకు ఏది తేలికో గమనించుకుని, రెండోది కాస్త పెంచండి. పొద్దస్తమానం పనిలో మునిగిపోయేవాళ్లు ఆ అరగంట పెట్టుకోవాలి. గది దాటి బయటికి రానివాళ్లు రోజుకు ఒక బయటి పని పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. పోయిన మనిషి గుమ్మంలో నిలబడ్డట్టో, పేరు పెట్టి పిలిచినట్టో అనిపిస్తే భయపడకండి. 1971లో డెవి రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భర్తను గానీ భార్యను గానీ పోగొట్టుకున్న 293 మందిని అడిగితే దాదాపు సగంమంది అలాంటి అనుభవం తమకుందన్నారు. వాళ్లలో చాలామంది ఆ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. ఎక్కువమందికి అది ఓదార్పుగానే అనిపించిందట.

‘అలా చేసి ఉంటే’

ఇంకొంచెం ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే. ఆ రోజు బండి మీద వెళ్లొద్దని గట్టిగా చెప్పి ఉంటే. ఆ ముందురోజు కోప్పడకుండా ఉంటే. ఫోను వచ్చినప్పుడు ఎత్తి ఉంటే.

ఈ ఆలోచనలకు ‘నీ తప్పేం లేదు’ అన్న మాట పనిచెయ్యదు. వందమంది చెప్పినా లోపలికి వెళ్లదు. అందుకని ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ‘ఆ రోజు, ఆ గంటకు నాకు తెలిసినవి’ అని రాసి, కింద అవే రాయండి. కుడివైపు ‘తర్వాత తెలిసినవి’. ఉదాహరణకు ఎడమవైపు: ‘కడుపులో మంటగా ఉందన్నారు. అంతకుముందు కూడా చాలాసార్లు అన్నారు, మాత్ర వేస్తే తగ్గింది.’ కుడివైపు: ‘అది గుండెపోటు.’ మీరు మిమ్మల్ని తిట్టుకుంటున్నది కుడివైపున ఉన్నదాన్ని పట్టుకుని. నిర్ణయం తీసుకున్నది ఎడమవైపు ఉన్నదాంతో. ఒక పేజీ నిండేవరకు రాయండి, ఒక్క కూర్చోవడంలో కాకపోయినా సరే. రాసింది మీరు నమ్మే ఒక మనిషికి చూపించండి.

వైద్యం గురించి సందేహాలుంటే కొన్ని వారాలయ్యాక చికిత్స చేసిన డాక్టరును కలవండి. ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. ‘ఒకరోజు ముందు వచ్చి ఉంటే తేడా ఉండేదా?’ అని సూటిగా అడగండి. సమాధానం మీరు ఊహించుకుంటున్న దానికన్నా చాలాసార్లు తేలికగానే ఉంటుంది. కష్టమైన సమాధానం వచ్చినా, రాత్రంతా ఊహించుకోవడంకన్నా అది మేలే.

ఆఖరి క్షణంలో పక్కన లేకపోవడం చాలామందిని వేధిస్తుంది. రోజుల తరబడి మంచం పక్కనే కూర్చుని, కాఫీకని పది నిమిషాలు బయటికి వెళ్లినప్పుడే ప్రాణం పోయింది అని చెప్పేవాళ్లు ఎందరో. ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు ఇది తరచూ చూస్తారు. మీరు కూర్చున్న ఆ రోజులన్నీ లెక్కలోంచి పోయి, ఆ పది నిమిషాలే మిగలడం అన్యాయం.

దీనికి వ్యతిరేకమైనదీ ఉంది, దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. ఏళ్లతరబడి మంచానపడ్డ మనిషికి సేవ చేసి, వాళ్లు పోయాక ‘హమ్మయ్య’ అనిపించడం. వెంటనే ‘నేనింత పాపినా’ అనిపించడం. వాళ్ల బాధ ఆగినందుకు, మీ ఒంటికి విశ్రాంతి దొరికినందుకు వచ్చిన ఊపిరి అది. ప్రేమ కూడా అక్కడే ఉంటుంది, రెండూ కలిసే ఉంటాయి. అలాగే మిమ్మల్ని హింసించిన తండ్రో, మీతో మాటలు మానేసిన అన్నో పోయినప్పుడు దుఃఖం చిక్కుపడి వస్తుంది. ఏడుపు రాకపోతే తెచ్చిపెట్టుకోకండి. ఆ మనిషి ఇలా ఉండి ఉంటే బాగుండేది అన్న ఆశ కూడా ఆ రోజుతో పోయింది. ఒక్కోసారి ఏడవాల్సింది దాని కోసమే.

మరి తప్పు నిజంగానే మీదైతే? మాట తూలారు, నిర్లక్ష్యం చేశారు, నడిపింది మీరే. అప్పుడు దాన్ని కప్పిపుచ్చే ఓదార్పు వద్దు. జరిగింది జరిగినట్టు ఒక మనిషికి పూర్తిగా చెప్పండి. పోయినవాళ్లకు క్షమాపణ ఉత్తరం రాయండి. సరిదిద్దగలిగినది ఏదైనా మిగిలి ఉంటే, వాళ్లు తీర్చాల్సిన బాకీ గానీ, చూసుకోవాల్సిన మనిషి గానీ, అది చెయ్యండి. ఈ బరువు ఒక్కరే మొయ్యలేనిది, కౌన్సిలర్ దగ్గరికి వెళ్లడానికి ఆలస్యం చెయ్యకండి. ఆత్మహత్య చేసుకున్నవాళ్ల కుటుంబాలకూ ఇదే చెబుతాను. వాళ్లలో ‘ఎందుకు?’ అన్న ప్రశ్న ఆగదు, పైగా లోకం గుచ్చిగుచ్చి అడుగుతుంది. అలా పోగొట్టుకున్నవాళ్లే కలుసుకునే బృందాలు చాలాచోట్ల ఉన్నాయి. ఆ గదిలో ఎవరికీ ఏదీ వివరించక్కర్లేదు.

వస్తువులు, ఫోను

బట్టలు, చెప్పులు, కళ్లజోడు ఎప్పుడు తియ్యాలి? తియ్యగలిగినప్పుడు. మీరు లేనప్పుడు గదంతా ఖాళీ చేసి ‘నీ మంచికే చేశాం’ అనే బంధువులు ఉంటారు, వాళ్లను ముందే ఆపండి. ఒక బీరువాకో గదికో తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకుంటే సరి.

మొదలుపెట్టేటప్పుడు కష్టమైన వాటితో మొదలుపెట్టకండి. మందుల డబ్బాలు, పాత బిల్లులు ముందు తీసెయ్యండి. మిగతావాటిని మూడు కుప్పలు చెయ్యండి: ఉంచుకునేవి, ఇచ్చేసేవి, ఇప్పుడు తేల్చలేనివి. మూడో కుప్ప పెద్దగా ఉన్నా ఫర్వాలేదు. అట్టపెట్టెలో పెట్టి తేదీ రాసి, కొన్ని నెలలు వదిలెయ్యండి. ఉతకని చొక్కానో చీరనో ఒకటి గాలి చొరని కవరులో దాచుకోండి. ఉతికేశాక ఆ వాసన తిరిగి రాదు.

ఫోను సంగతి తొందరగా చూడాలి, ఇందులో ఆలస్యం చేస్తే నష్టపోతారు. సిమ్ వెంటనే రద్దు చెయ్యకండి, బ్యాంకు పనులకు ఓటీపీలు దానికే వస్తాయి. ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు, వీడియోలు ఇంకోచోటికి కాపీ చేసుకోండి. వాట్సాప్ ఖాతాను 120 రోజులు వాడకపోతే సాధారణంగా అది తొలగిపోతుంది. వాడకంలో లేని నంబరును కంపెనీలు కొన్నాళ్లకు ఇంకొకరికి ఇస్తాయి; అప్పుడు ‘నాన్న’ అని మీరు సేవ్ చేసుకున్న చోట ఎవరిదో కొత్త ముఖం కనిపిస్తుంది. దానికి ముందే సిద్ధపడండి, మీ చాట్‌ను వేరుగా దాచుకోండి. ఫేస్‌బుక్ ఖాతాను తీసెయ్యకుండా స్మారక ఖాతాగా మార్చమని కుటుంబం అడగవచ్చు.

‘ఎన్నాళ్లు పట్టుకుని వేలాడతావు, వదిలెయ్’ అనేవాళ్లకు ఒక ఉదాహరణ. పోయినవాళ్ల నుంచి మనసును కొద్దికొద్దిగా విడదీసుకోవడమే శోకం చేసే పని అని 1917లో అచ్చయిన వ్యాసంలో చెప్పింది మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్. 1920లో ఆయన కూతురు సోఫీ ఫ్లూతో చనిపోయింది. తొమ్మిదేళ్ల తర్వాత, ఆమె పుట్టినరోజున, కొడుకును పోగొట్టుకున్న ఒక మిత్రుడికి ఆయన ఉత్తరం రాశాడు. ఆ లోటు తీరేది కాదనీ, వేరే ఏది వచ్చి నిండినా అది వేరేదిగానే ఉంటుందనీ దాని సారాంశం. పోయినవాళ్లతో బంధం ఏదో ఒక రూపంలో కొనసాగడం మామూలే అని 1990ల నుంచి పరిశోధకులూ ఒప్పుకుంటున్నారు. కాబట్టి ఆ వాచీ మీరు పెట్టుకోవచ్చు. కష్టమొచ్చినప్పుడు ‘అమ్మ అయితే ఏమనేది’ అని అనుకోవచ్చు.

ఒకే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా

భార్య రోజూ బిడ్డ గురించే మాట్లాడుతుంది. భర్త ఒక్క మాటా మాట్లాడడు, కారు కడుగుతాడు, తలుపులు బాగుచేస్తాడు. ఆమెకు అతను రాయిలా కనిపిస్తాడు, అతనికి ఆమె పుండు రేపుతున్నట్టు ఉంటుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు, దారులు వేరు. వారంలో ఒక పూట పెట్టుకుని, ఆ కాసేపు అతను వినాలి; మిగతా సమయాల్లో ఆమె అతన్ని గుచ్చకూడదు. ఇంత లెక్కగా పెట్టుకోవడం ఎబ్బెట్టుగా అనిపించవచ్చు గానీ, ఏ ఒప్పందం లేకపోతే ఇద్దరూ విడివిడి గదుల్లోకి వెళ్లిపోతారు.

పిల్లలకు ‘చనిపోయారు’ అనే చెప్పండి. ‘నిద్రపోయారు’ అంటే పిల్లలు నిద్రకు భయపడతారు. ‘ఊరెళ్లారు’ అంటే వస్తారని ఎదురుచూస్తారు, చెప్పకుండా వెళ్లారని అలుగుతారు. ఐదేళ్లలోపు పిల్లలకు చావు తిరిగిరానిదని పూర్తిగా అర్థం కాదు, అందుకే ‘తాతయ్య ఎప్పుడొస్తాడు’ అని మళ్లీ మళ్లీ అడుగుతారు. ప్రతిసారీ అదే జవాబు, అంతే ఓపికగా చెప్పాలి. ‘ఒళ్లు పనిచెయ్యడం ఆగిపోయింది. ఇక ఊపిరి తీసుకోలేరు, నొప్పి కూడా ఉండదు.’ పిల్లలు పది నిమిషాలు ఏడ్చి ఆటకు వెళ్లిపోతారు, అది వాళ్ల పద్ధతి. వాళ్ల మనసులో సాధారణంగా మూడు ప్రశ్నలుంటాయి, అడగకపోయినా మీరే జవాబు చెప్పండి: ఇది నా వల్ల జరిగిందా? నువ్వూ పోతావా? నన్నెవరు చూసుకుంటారు? మీరు వాళ్ల ముందు ఏడిస్తే తప్పులేదు, ఎందుకు ఏడుస్తున్నారో చెబితే చాలు.

తిరిగి పనిలోకి, తర్వాత వచ్చే తేదీలు

ఉద్యోగానికి వెళ్లే ముందురోజు మేనేజరుకో సహోద్యోగికో ఒక మెసేజ్ పెట్టండి: విషయం అందరికీ మీరే చెప్పండి, నన్ను ఆఫీసులో అడగొద్దని కూడా చెప్పండి. లేదా, మాట్లాడితే నాకు బాగుంటుందని చెప్పండి. వీలైతే వారం మధ్యలో చేరండి, రెండు రోజులకే సెలవు వస్తుంది. ముఖ్యమైన లెక్కలు ఇంకొకరితో ఒకసారి చూపించుకోండి.

పుట్టినరోజు, పెళ్లిరోజు, పోయిన తేదీ. ఇవి వచ్చే రోజుకన్నా ముందు వారమే ఎక్కువ బాధపెడుతుంది. ఆ రోజు ఎక్కడుంటారో, ఎవరితో ఉంటారో ముందే అనుకోండి, మనసు మారితే మానుకోండి. రెండో ఏడాది మొదటిదానికన్నా కష్టంగా ఉందని చెప్పేవాళ్లు చాలామంది. మొదటి ఏడాది అందరూ గుర్తుపెట్టుకుంటారు, రెండో ఏడాదికి మీరొక్కరే మిగులుతారు. ఆ రోజు ఫోను చేసే ఒక మనిషిని ముందే అడిగి పెట్టుకోండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి

‘వాళ్ల దగ్గరికి వెళ్లిపోతే బాగుండు’ అని ఒక్కోసారి అనిపించడం దుఃఖంలో అరుదు కాదు. ఎలా చనిపోవాలో ఆలోచిస్తున్నా, మాత్రలు దాచుకుంటున్నా, తేదీ అనుకున్నా అది వేరే సంగతి. ఇప్పుడే ఒక మనిషికి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఆ మాత్రలో, తాడో, మరేదైనా మీ చేతికి అందకుండా వాళ్లకు అప్పగించండి. మీరున్న చోట ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ ఉంటే దానికి ఫోను చెయ్యండి, లేదంటే దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఇంట్లో ఎవరైనా అలా ఉన్నారని అనుమానముంటే ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది నిజం కాదు.

అంత అత్యవసరం కాకపోయినా చూపించుకోవాల్సిన పరిస్థితులున్నాయి. మద్యం లేకుండా రోజు గడవకపోవడం, పిల్లల్నీ ఒంటినీ చూసుకోలేకపోవడం, ప్రమాదం దృశ్యాలు పదేపదే కళ్లముందుకొచ్చి ఉలిక్కిపడటం. ఇంకా, నెలలు గడిచినా దుఃఖం మొదటి వారంలాగే ఉండిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ (ఎంతకీ తగ్గని దుఃఖం) అనేది చేరింది. అందులో దీన్ని జబ్బు అనడానికి గడువు చావు తర్వాత కనీసం 6 నెలలు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం అదే ఏడాది పెట్టుకున్న లెక్కలో వయోజనులకు 12 నెలలు. దాదాపు రోజూ తట్టుకోలేని తపన, జరిగిందని నమ్మలేకపోవడం, తనలో సగం పోయినట్టు ఉండటం, గుర్తుచేసే ప్రతిదాన్నీ తప్పించుకోవడం, బతుక్కి అర్థం లేదనిపించడం దీని లక్షణాలు. ఏడాది తర్వాత కూడా అప్పుడప్పుడూ ఏడుపు రావడం ఇందులోకి రాదు. పదిమందిలో తొమ్మిదిమందికి ఇది రాదు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లలో, హఠాత్తుగా, హింసతో జరిగిన చావుల తర్వాత ఎక్కువ కనిపిస్తుంది.

దీనికి ప్రత్యేకమైన మాటల చికిత్స ఉంది, వారానికొకసారి చొప్పున సుమారు 16 సార్లు సాగుతుంది. ఆ చావు కథను మెల్లగా చెప్పించడం, తప్పించుకుంటున్న చోట్లకు కొంచెం కొంచెంగా వెళ్లనివ్వడం, ముందు రోజులకు చిన్న ప్రణాళిక వేయించడం అందులో భాగం. డిప్రెషన్ కూడా కలిసి ఉంటే మందులు దానికి సాయపడతాయి. ఈ తపనకు మాత్రం మాటల చికిత్సే అసలు మందు.

వెళ్లేటప్పుడు ఒక చీటీ రాసుకోండి: ఎవరు, ఎప్పుడు, ఎలా పోయారు, ఇప్పుడు నిద్ర ఎన్ని గంటలు, ఏ పనులు ఆగిపోయాయి, చనిపోవాలన్న ఆలోచన ఉందా. లోపలికి వెళ్లాక మాట రాకపోతే ఆ చీటీ డాక్టరు చేతికిచ్చెయ్యండి. ‘కాలం గడిస్తే అదే పోతుంది’ అని రెండు నిమిషాల్లో పంపించేస్తే ఇంకో డాక్టరును చూడండి. ఫోను చేసి, దుఃఖం మీద పనిచేసే కౌన్సిలర్ ఎవరైనా ఉన్నారా అని ముందే అడిగితే ఒక తిరుగుడు తప్పుతుంది.